తుపాకీతో రాష్ట్రం దాటే ముందు లైసెన్స్ బుక్కు తెరిచి చూడండి

అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన మనవాళ్లలో కొందరికి ఊళ్లో ఇప్పటికీ ఒక తుపాకీ ఉంటుంది. పొలం కాపలాకనో, పాత కక్షల భయంతోనో తాతో నాన్నో లైసెన్స్ తీసుకుని కొన్నది. పెద్దవాళ్లను మన దగ్గరికి తెచ్చుకునే రోజు వచ్చినప్పుడు అది గుర్తొస్తుంది. అమ్మ వైద్యం కోసం ఇద్దరినీ ఇక్కడికి తెచ్చుకోవాలనుకున్నప్పుడు మాకూ అంతే. నాన్నది 12 బోర్ డబుల్ బ్యారెల్, అంటే రెండు గొట్టాల తుపాకీ. తాళం వేసిన ఇంట్లో దాన్ని వదిలి రాలేం.

అడిగిన ప్రతివాళ్లూ ఒకటే సలహా ఇచ్చారు, డిక్కీలో దుప్పటి కింద పెట్టేయ్, తెల్లవారుజామున బయల్దేరు, ఎవడు చూస్తాడు అని. ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే పట్టుబడితే స్టేషన్‌లో కూర్చోవలసింది ఆ సలహా ఇచ్చినవాడు కాదు, డెబ్బై దాటిన మా నాన్న.

లైసెన్స్ ఉందంటే దేశమంతా తిప్పుకోవచ్చని కాదు. అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో బుక్కులోనే రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే, ఎన్‌హెచ్ 44 మీద కొడికొండ చెక్‌పోస్టు దాటగానే ఆ కాగితం బలం అయిపోయినట్టే. లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకుంటే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్ల జైలు. ప్రాంతం దాటిన కేసును ఏ సెక్షన్ కింద రాస్తారన్నది ముందు పోలీసుల చేతిలో, ఆ తర్వాత కోర్టు చేతిలో ఉంటుంది, ఆ వయసు మనిషిని అంతదాకా లాగడం ఎందుకు?

అందుకే ముందు తుపాకీని ఊరి స్టేషన్‌లో డిపాజిట్ చేసి రసీదు తీసుకున్నాం. లైసెన్స్ ఇచ్చిన ఆఫీసులోనే కర్ణాటకను కూడా చేర్చమని దరఖాస్తు పెట్టాం, పోలీసు విచారణ అయింది, ఫైలు నెమ్మదిగా కదిలింది. బుక్కులో కర్ణాటక పేరు రాసి ముద్ర పడిన తర్వాతే తుపాకీని విడిపించుకున్నాం. మీదీ పాత బుక్కు అయితే ఇంకో రెండు చూసుకోండి: యూఐఎన్ (ఒక్కో లైసెన్సుదారుకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉందా, గడువు ఉందా. గడువు ఇప్పుడు 5 ఏళ్లు, అంతకుముందు 3 ఏళ్లు ఉండేది.

బయల్దేరే రోజు నాన్న తుపాకీని మధ్యలో కీలు దగ్గర వంచి తెరిచి, రెండు గొట్టాలనూ కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒక్కోదాంట్లోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూశాడు, తర్వాత నన్నూ చూడమన్నాడు. గొట్టాలు వేరు చేసి, మడమ వేరు చేసి, గుడ్డలో చుట్టి కేసులో పెట్టి తాళం వేశాడు. తూటాలు వేరే డబ్బాలో, లెక్క బుక్కుతో సరిపోల్చుకుని. నేను కారు సీట్ల కిందా డ్యాష్‌బోర్డులోనూ టార్చ్ వేసి వెతికాను. ఊళ్లో వాడే కారు కదా, ఎప్పటిదో ఒక తూటా దొర్లి సందులో ఉండిపోయినా సమాధానం చెప్పుకోవాల్సింది మనమే.

2016 ఆయుధాల నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో తుపాకీ తీసుకెళ్తే దానికోసం చేసిన కవరులోనే ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, తీసుకెళ్తున్న మనిషి అదుపులో ఉండాలి. అందుకని బాగేపల్లిలో టిఫిన్‌కి ఆగినప్పుడు మేం వంతులవారీగా తిన్నాం, కారును వదల్లేదు. డ్రైవర్‌కిచ్చి పంపేద్దాం అనుకునేవాళ్లు కూడా ఉంటారు, దయచేసి ఆ పని చేయకండి. లైసెన్సుదారు పక్కన లేకుండా వేరేవాళ్లు పట్టుకెళ్లాలంటే ఆయన రాతపూర్వక అనుమతి ఉండాలి, అదీ రిపేరుకో, రెన్యువల్‌కో, ఆయన వాడుకోవడానికో మాత్రమే. ఆయుధాల చట్టం మూడో సెక్షన్‌లోనే ఉంది ఈ మాట.

చెక్‌పోస్టు దగ్గర ఆపితే వాళ్లు వెతికేదాకా ఆగొద్దు. "సార్, డిక్కీలో లైసెన్స్ తుపాకీ ఉంది, ఇదిగో బుక్కు, ఈయన మా నాన్న, లైసెన్స్ ఈయన పేరు మీదే" అని మీరే ముందు చెప్పండి, తెరవమంటేనే తెరవండి. బాగేపల్లి వైపు పోలీసులతో తెలుగులోనే మాట్లాడొచ్చు, ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఎన్నికల సమయంలో మాత్రం అసలు కదలొద్దు. మన రాష్ట్రంలో ఎన్నికల్లేవు కదా అనుకుంటే సరిపోదు. 2023 మేలో కర్ణాటక అసెంబ్లీ ఎన్నికలప్పుడు ఆంధ్రలో ఏ ఎన్నికలూ లేవు, కోడ్ మాత్రం సరిహద్దు దాటగానే మొదలయ్యేది. పైగా ఎన్నికలప్పుడు ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించమని ఆదేశాలు వస్తాయి. పెళ్లికి వెళ్తూ దారిలో తీసుకెళ్దాం అన్న ఆలోచన కూడా వద్దు, సంబరాల్లో గాల్లోకి కాల్చడం ఇప్పుడు 2 ఏళ్ల దాకా జైలు తెచ్చే నేరం.

పిల్లలు షూటింగ్ నేర్చుకుంటుంటే సంగతి వేరు. 20 జూల్స్ లోపు శక్తి ఉండే 4.5 ఎంఎం ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ అక్కర్లేదు. అయినా కొన్న బిల్లు, క్లబ్ కార్డు సంచిలోనే ఉంచండి, రాత్రిపూట టార్చ్ వెలుగులో అది మామూలు పిస్టల్‌లాగే కనిపిస్తుంది.

ఇక్కడికి చేరాక పని అయిపోలేదు. మకాం మార్చి ఆయుధం వెంట తెచ్చుకుంటే 30 రోజుల్లోగా కొత్త చోట లైసెన్సింగ్ అధికారికి, అంటే బెంగళూరులో పోలీస్ కమిషనర్‌కి, తెలియజేయాలి. మేం అది ఇచ్చేశాం. ఇక మిగిలింది వారసత్వం. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీదికి మార్చమని అడగొచ్చు. తమ్ముడు వద్దంటున్నాడు, నాకూ అవసరం లేదు, కాబట్టి నాన్న ఒప్పుకుంటే లైసెన్స్ ఉన్న డీలర్‌కి అమ్మేద్దామని ఇంట్లో మాట్లాడుకుంటున్నాం.