సున్నాల మీద పాసైన టెస్టు

మా వెబ్ కాంపొనెంట్ (పేజీలో పెట్టుకునే సొంత ట్యాగ్) టెస్టులన్నీ పచ్చగా ఉన్నాయి, అంటే పాసయ్యాయి. క్రోమ్‌లో తెరిస్తే డ్రాప్‌డౌన్ మెనూ సగం స్క్రీన్ కిందికి పోయింది. ఇవాళ పొద్దున్నంతా దీనికే సరిపోయింది.

కారణం జేఎస్‌డామ్, అంటే టెస్టుల కోసం అసలు బ్రౌజర్ లేకుండానే పేజీని అనుకరించే లైబ్రరీ. అందులో లేఅవుట్ (ఏది ఎక్కడ, ఎంత సైజులో ఉండాలనే లెక్క) అనేదే ఉండదు. ఎలిమెంట్ కొలతలు చెప్పే గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ పిలిస్తే ఎత్తు, వెడల్పు, పై అంచు అన్నీ 0 వస్తాయి. కింద చోటు చాలకపోతే మెనూ పైకి తెరుచుకోవాలనే లెక్క ఆ సున్నాలతో అసలు పరీక్షకే రాలేదు.

అందుకని కాంపొనెంట్ టెస్టుల్ని టెస్టులు నడిపే వైటెస్ట్‌లో నిజమైన బ్రౌజర్ వాడే బ్రౌజర్ మోడ్‌కి మార్చి, వెనక ప్లేరైట్‌తో (బ్రౌజర్‌ని నడిపే టూల్) క్రోమియం (క్రోమ్‌కి ఆధారమైన బ్రౌజర్) పెట్టాం. మొదలవడానికి టైమ్ ఎక్కువే పడుతుంది, పడనీ. డామ్‌ని (పేజీలోని ఎలిమెంట్ల చెట్టు) ముట్టని ఫంక్షన్లు మాత్రం నోడ్‌లోనే (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) ఉన్నాయి, వాటికి బ్రౌజర్ దండగ.

తిరగరాస్తుంటే ఇంకోటి దొరికింది. పాత టెస్టు షాడో రూట్ (కాంపొనెంట్‌కి బయట పేజీతో కలవని సొంత లోపలి భాగం) లోపలే లిజనర్ (ఈవెంట్ వినే ఫంక్షన్) పెట్టుకుని 'సెలెక్ట్' ఈవెంట్ వింటోంది. బయట పేజీకి అది చేరట్లేదు! ఈవెంట్‌కి బబుల్స్ (పై ఎలిమెంట్లకు పాకడం) ట్రూ ఉంటే చాలదు, షాడో గడప దాటాలంటే కంపోజ్డ్ అనే సెట్టింగ్ కూడా ట్రూ ఉండాలి. ఇకనుంచి లిజనర్ ఎప్పుడూ హోస్ట్ ఎలిమెంట్ (షాడో రూట్‌ని మోసే బయటి ట్యాగ్) మీదే.

డిస్క్రైబ్ బ్లాకులు (టెస్టుల గుంపులు) కూడా మెథడ్ పేర్లతో కాకుండా, వాడేవాళ్లకు కనబడేదాన్ని బట్టి విడగొట్టాం: ఆట్రిబ్యూట్లు, కీబోర్డు, ఈవెంట్లు, ఫోకస్. కాంపొనెంట్ లిట్ లైబ్రరీతో రాసింది కాబట్టి ప్రాపర్టీ మార్చాక, రెండర్ పూర్తయిందని చెప్పే అప్‌డేట్‌కంప్లీట్‌ని అవెయిట్ చేశాకే (పూర్తయ్యేదాకా ఆగాకే) ఎక్స్‌పెక్ట్, అంటే ఫలితం సరిచూడటం. లేకపోతే పాత రెండర్‌నే చూస్తాం.

ప్రతి టెస్టు తర్వాత నడిచే ఆఫ్టర్‌ఈచ్‌లో ఎలిమెంట్‌ని తీసేయడం మర్చిపోకండి. డాక్యుమెంట్ మీద మిగిలిపోయిన క్లిక్ లిజనర్ తర్వాతి టెస్టులో మెనూ మూసేస్తుంది, తప్పు ఎక్కడుందో గంటసేపు వెతుక్కోవాలి.