ఎదురుగా ఉన్న అలని ఎక్కబోవద్దు

ఓపెన్ వాటర్‌లో లాంగ్ డిస్టెన్స్ కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి పడవ) రేస్ అనగానే అందరూ భుజాల బలం గురించే అడుగుతారు, నన్నడిగితే అసలు పని కాళ్ళది, ఫుట్‌ప్లేట్‌ని, అంటే పాదాలు ఆనించే పలకని, తన్నుతూ నడుం తిప్పితేనే తెడ్డు నీళ్ళని పట్టుకుంటుంది, ఒట్టి చేతులతో లాగితే కాసేపటికే ముంజేతులు బిగుసుకుపోతాయి. నాది సర్ఫ్‌స్కీ, అంటే సముద్రపు అలల మీద పోయే కయాక్, దాదాపు 6 మీటర్ల పొడవు, వెడల్పు 45 సెంటీమీటర్లే, సీటు పైకి తెరిచే ఉంటుంది కాబట్టి బోల్తాపడినా మళ్ళీ ఎక్కేయొచ్చు.

గాలి వెనక నుంచి వీస్తుంటే ఉంటుంది చూడండీ! పడవ ముక్కు కాస్త కిందికి వంగుతుంది, అదే టైం, గట్టిగా మూడు నాలుగు తెడ్లు వేస్తే చాలు అలే మోసుకెళ్తుంది. ముందున్న అలని ఎక్కబోతే మాత్రం ఓపికంతా అక్కడే అయిపోతుంది, పక్కన అలల మధ్య పల్లం ఎక్కడుందో చూసి అటు తిప్పాలి. హవాయిలో మొలోకై దీవి నుంచి ఒవాహు దీవికి సుమారు 52 కిలోమీటర్లు ఇలాగే పోతారు, ఎప్పటికైనా అది చెయ్యాలని నాకు పిచ్చి కోరిక.

మొన్నటి రేసులో సగం దాటాక పడ్డాను. లెగ్ లీష్, అంటే పడవకీ కాలికీ కలిపి కట్టే తాడు, ఉంది కాబట్టి పడవ పక్కనే ఆగింది, లేకపోతే ఆ గాలికి ఈదుతూ దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఎక్కి కూర్చుని, రెండు గుక్కలు నీళ్ళు తాగి మళ్ళీ తెడ్డేశా.