మా చుక్క మట్టి నుంచి పొట్టుకు మారడానికి తొమ్మిది వారాలు పట్టింది

ఒకరోజు చెత్త సంచి ఎత్తబోతే చెయ్యి లాగేసింది. విప్పి చూస్తే సగానికి పైగా మా పిల్లి చుక్క లిట్టరే, అంటే దాని మలమూత్రాల కోసం డబ్బాలో పోసే మట్టి. తడి పీల్చుకుని ముద్దకట్టిన బూడిదరంగు మట్టి గడ్డలు. ఇన్నేళ్లుగా కొంటున్న ప్యాకెట్ వెనక ఏం రాసి ఉందో మొదటిసారి ఆ రోజే చదివాను. బెంటోనైట్ అట. నేల పైపొరలన్నీ ఒలిచేసి గనుల్లో తవ్వి తీసే బంకమట్టి. దాన్ని ఆరబెట్టి, ఎక్కడినుంచో మోసుకొచ్చి, నాలుగు రోజులు డబ్బాలో ఉంచి మళ్లీ చెత్తకుప్పలో పోస్తున్నాం. ఖనిజం కాబట్టి అది కుళ్లేది కూడా కాదు. మనసుకు చాలా కష్టంగా అనిపించింది.

రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసే చెక్క పెల్లెట్లు తెచ్చాను. డబ్బా శుభ్రంగా కడిగి, ఒకేసారి నిండా పోశాను. అదే నేను చేసిన తప్పు. చుక్క అంచు మీద ముందుకాళ్లు ఆనించి వాసన చూసింది. ఒక పాదం లోపల పెట్టింది. పెల్లెట్లు కాలి కింద దొర్లాయి. పాదం విదిలించుకుని వెళ్లిపోయింది. తెల్లారేసరికి గుమ్మం దగ్గరి పట్టా తడిసి ఉంది, మర్నాడు నా దుప్పటి. మూడో రోజు సాయంత్రం దాకా అసలు మూత్రమే పోయలేదు. టెన్షన్‌తో వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాను. మూత్రాశయంలో అడ్డేమీ లేదని, ఆపుకుంటోందని చెప్పారు. పిల్లి మూత్రం ఆగితే మాత్రం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోవద్దన్నారు. పాదాల కింద సన్నగా, మెత్తగా ఉంటేనే చాలా పిల్లులకు నచ్చుతుందట. ముందు పాత మట్టి మళ్లీ పెట్టమన్నారు.

రెండోసారి రెండు డబ్బాలు పెట్టాను. ఒకదాంట్లో మట్టి అలాగే ఉంచాను. రెండోదాంట్లో మట్టిలోనే గుప్పెడు పొట్టు. పెల్లెట్ల మీద కాసిని గోరువెచ్చని నీళ్లు చల్లితే అవి విచ్చుకుని పొడిపొడి అవుతాయి. దాన్ని బాగా ఆరబెట్టి కలిపాను. నిజంగా పని చేసింది ఇదే. నాలుగైదు రోజులకోసారి ఇంకో గుప్పెడు. సగానికి సగం అయ్యాక చుక్క మొండికేసింది, రెండు వారాలు అక్కడే ఆగిపోయాం. నేను కూడా కదపలేదు. తొమ్మిదో వారంలో మట్టి డబ్బా తీసేశాను.

చెక్క పొట్టే కదా, మొక్కలకు ఎరువు చేద్దామని ఆశపడ్డాను. డాక్టర్ గట్టిగా వద్దన్నారు. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండొచ్చు. ఇంట్లో చేసే కంపోస్టు వేడికి అది చస్తుందన్న నమ్మకం లేదు, మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. టాయిలెట్లో పోయడమూ తప్పే. మురుగునీటి శుద్ధిని కూడా అది తట్టుకోగలదు. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కలు (సీ ఆటర్లు) ఈ జబ్బుతో చనిపోయిన సంగతి అప్పుడే తెలిసింది. ఇంకో మాట కూడా గుర్తుపెట్టుకున్నాను. మలం బయటపడిన 1 నుంచి 5 రోజుల తర్వాతే అది అంటుకునే స్థితికి వస్తుంది. అందుకే రోజూ తీసేస్తాను, కాగితంలో చుట్టి చెత్తలోనే వేస్తాను. కంపోస్టబుల్ అని రాసిన సంచులు కొనడం కూడా మానేశాను. వాటిలో చాలావరకు కర్మాగారాల్లోని కంపోస్టు వేడికే కుళ్లిపోతాయి, చెత్తకుప్పలో కాదు.

తిండి విషయంలో శాకాహారం ఆలోచన వచ్చింది కానీ వెంటనే వదిలేశాను. పిల్లి శరీరం టారిన్ అనే పోషకాన్ని తగినంత తయారు చేసుకోలేదు, అది తగ్గితే కళ్లు, గుండె దెబ్బతింటాయి. మాంసం తినే ప్రాణి మీద నా ఇష్టం రుద్దే హక్కు నాకు లేదు. దాని బదులు తిండి తూకం వేసి పెడుతున్నాను. గిన్నెలో మిగిలి పారేసేది పోయింది, చుక్క కాస్త సన్నబడింది.

పాత మట్టి ప్యాకెట్ ఒకటి అలమరలో ఇంకా ఉంది. చుక్కకు ఎప్పుడైనా ఒంట్లో బాగాలేక పొట్టు వద్దంటే, ఆ రాత్రికి అదే పోస్తాను.