మారిషస్‌లో ఆరు గంటలు, భవానీ ద్వీపంలో ఒక పూట

"ఇంటిపేరేంటన్నాడు?"

గన్నవరంలో దిగి విజయవాడ భవానీపురంలో అమ్మావాళ్ళింటికొచ్చి గంట కూడా కాలేదు. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. దారిలో మారిషస్‌లో మమ్మల్ని తిప్పిన డ్రైవరు తెలుగువాడని మా పెద్దది చెప్పేసరికి అమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. ఏ ఊరు, ఇంటిపేరేంటి, ఎవరి తాలూకు. ఈ మూడూ తేలకపోతే మా అమ్మకి మనిషి పరిచయమైనట్టు లెక్క కాదు.

"ఊరు తెలీదటమ్మా. ఇంటిపేరంటే వాళ్ళ ముత్తాత పేరే."

"పేరు ఇంటిపేరెలా అవుతుందే?"

అయింది మరి. చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద ఓడెక్కి వెళ్ళినవాళ్ళు అక్కడ దిగినప్పుడు, నోటితో చెప్పిన పేరే దొరలు కాగితం మీద రాసుకున్నారు. తర్వాత పుట్టిన పిల్లలకి అదే ఇంటిపేరుగా స్థిరపడింది. మా డ్రైవరు ఇంటిపేరు చివర ఒక 'అయ్య' ఉంది, స్పెల్లింగు మాత్రం ఎవరి ఇష్టం వాళ్ళు రాసినట్టుంది. అసలు ఇంటిపేరు కోరంగి రేవులో పడిపోయిందో, ఓడలోనే పడిపోయిందో. అమ్మ "అయ్యో" అంది, ఎవరిదో పర్సు పోయిందని విన్నట్టు.

మేం జొహానెస్‌బర్గ్‌లో ఉండబట్టి తొమ్మిదేళ్ళు. అక్కడ పిల్లలకి పెద్ద సెలవులు డిసెంబరులోనే. ఈసారి టికెట్లు మారిషస్ మీదుగా దొరికాయి. అక్కడికి నాలుగు గంటలు, ఆ తర్వాత ముంబై విమానానికి మర్నాడు సాయంత్రం దాకా ఆగాలి. హోటల్లో పిల్లల పోట్లాటలు తీరుస్తూ కూర్చోవడం కంటే దీవి చూద్దామని, మా నలుగురికే ఒక కారు మాట్లాడుకున్నాం. తోలేవాడే గైడు. బస్సు టూరు చవకే గానీ మా చిన్నోడికి మలుపు మలుపుకీ కడుపులో తిప్పుతుంది, బస్సు వాడి కోసం ఆగదు.

నాన్న రేటు అడిగారు. చెప్పాను. అక్కడా రూపాయే, కాకపోతే ఒక్కోటి మన రెండు రూపాయలకి కాస్త తక్కువని కూడా చెప్పాను.

"ఆ డబ్బుకి మన ఆటోవాడు దుర్గ గుడి నుంచి అమరావతి దాకా వారం రోజులు తిప్పుతాడు."

తిప్పుతాడు, కాదనను.

ఆరు గంటల్లో దీవి దక్షిణం వైపు ఓ చుట్టు చుట్టాం. క్యూర్‌పిప్ ఊళ్ళో చల్లారిపోయిన అగ్నిపర్వతం నోరు చూశాం. లోపలంతా చెట్లు, అడుగున కాసిని నీళ్ళు. ఐదు నిమిషాలు చాలు దానికి. నేను మాత్రం దారి పొడుగునా తురాయి చెట్లనే చూస్తూ కూర్చున్నాను. డిసెంబరులో ఎర్రగా విరగబూసి ఉన్నాయి. నాకు తురాయంటే పరీక్షలైపోయిన మే నెల, చెమట, మామిడికాయ ముక్కలు. పిల్లలకి అందులో వింతేమీ కనపడలేదు. వాళ్ళ లెక్కలో డిసెంబరంటేనే ఎండాకాలం. "ఎండాకాలం సెలవుల్లో అమ్మమ్మ ఇంటికి" అని నేనంటే వాళ్ళు డిసెంబరు అనుకుంటారు, నేను మే అనుకుంటాను. ఒకే ఇంట్లో రెండు క్యాలెండర్లు.

గంగా తలావ్ దగ్గర ఒడ్డున 108 అడుగుల శివుడు త్రిశూలం పట్టుకుని నిలబడి ఉంటాడు. 2007లో పెట్టారట. అది కూడా పాత అగ్నిపర్వతం నోట్లో ఏర్పడ్డ చెరువే. 1972లో గంగ నీళ్ళు తెచ్చి కలిపి ఆ పేరు పెట్టుకున్నారు. శివరాత్రికి దీవి నలుమూలల నుంచీ కావళ్ళు మోసుకుంటూ నడిచొస్తారు. ఇది విన్నాక నాన్న ప్రశ్న ఒక్కటే: "కృష్ణ నీళ్ళెందుకు కలపలేదు?" విజయవాడ వాళ్ళతో ఇదే చిక్కు.

నేను నిజంగా చూడాలనుకున్నది వేరే. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ అని ఒకటుంది, 2006 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. 1834 నుంచి 1920 దాకా దాదాపు ఐదు లక్షల మంది ఒప్పందపు కూలీలు మన దేశం నుంచి ఆ దీవికి వచ్చారు. కొందరు అక్కడే ఉండిపోయారు, కొందరిని ఇంకో దేశానికి పంపారు. వాళ్ళు ఓడ దిగి ఎక్కిన రాతి మెట్లు ఘాట్‌లో ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున్నే డ్రైవరుని అడిగాను. అది వాయవ్యం మూలన ఉంది మేడమ్, అటు వెళ్తే షామరెల్ వదులుకోవాలి అన్నాడు. షామరెల్‌లో రంగురంగుల మట్టి దిబ్బలున్నాయి, పక్కనే పెద్ద తాబేళ్ళున్నాయి. కార్లో ఓట్లు వేశాం. తాబేళ్ళు గెలిచాయి. మావారు కూడా వాటికే వేశారని ఇక్కడ రికార్డు చేస్తున్నాను.

ఆ మట్టి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. అగ్నిపర్వతపు రాయి అరిగి అరిగి, అందులోని ఇనుము, అల్యూమినియం వల్ల ఎరుపు, ఊదా, పసుపు చారలు తేలింది. ఫొటోలో బాగుంటుంది. తాబేళ్ళు నిజంగానే బాగున్నాయి.

అసలు సంగతి భోజనాల దగ్గర బయటపడింది. రోడ్డు పక్కన బండి మీద డ్రైవరు మాకు ధోల్ పూరీ కొన్నాడు. పప్పు కూరి పల్చగా ఒత్తిన రొట్టె, లోపల కూర, పచ్చడి. చిన్నోడు కొరికి, "అమ్మా, బొబ్బట్టులో బెల్లం మర్చిపోయారు" అన్నాడు, తెలుగులోనే. డ్రైవరు చటుక్కున తిరిగి చూశాడు.

"తెలుగు?"

"తెలుగే!"

"నేనూ తెలుగు" అన్నాడు. అక్కడితో అతని తెలుగు దాదాపు అయిపోయింది. అమ్మ, నాన్న, అన్నం, నీళ్ళు, రామ, గోవింద. ఇంట్లో క్రియోల్ అనే అక్కడి భాష, బయట ఫ్రెంచి, మాలాంటి వాళ్ళతో ఇంగ్లీషు. బళ్ళో తెలుగు పాఠం ఉంటుంది, కూతురు చదువుతోందట. ఉగాదికి దేశమంతా సెలవు. మా పిల్లలు జొహానెస్‌బర్గ్‌లో ఉగాది రోజు పచ్చడి నాకేసి బడికి పరిగెడతారు. అక్కడ సెలవిస్తారంటే పెద్దదాని కళ్ళు పెద్దవయ్యాయి. ఇక్కడికొచ్చాక ఈ ముక్క చెప్తే, "1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి, పేపర్లో చదివాను" అన్నారు నాన్న.

తర్వాత అతను ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. వాళ్ళమ్మ నోటుపుస్తకంలో ఒక పేజీ. రామ భజనం పాటలు. రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ పాడతారట, వాళ్ళమ్మకి వందకి పైగా వచ్చట. నీలం ఇంకు, గుండ్రటి చేతిరాత, అంచుల్లో నూనె మరకలు. తెలుగు మాటలే, కానీ ఇంగ్లీషు అక్షరాలు. ఇంగ్లీషు అని నేననుకున్నాను గానీ ఫ్రెంచి పద్ధతి. 'ఉ' పలకాల్సిన చోటల్లా 'ఓ', 'యూ' రెండూ జంటగా ఉన్నాయి. తెలుగు లిపి రాని మా పెద్దది ఉత్సాహంగా ఫోన్ లాక్కుని చదివింది: "రామౌడౌ."

అతను స్టీరింగు మీద కొట్టుకుంటూ నవ్వాడు. "రాముడు, రాముడు" అని సరిచేశాడు. ఆ 'డు' ఎంత శుభ్రంగా పలికాడంటే మా పిల్లల్లో ఒక్కరూ అలా పలకలేరు. తర్వాత రెండు చరణాలు పాడాడు. అర్థం అడిగాను. భుజాలెగరేశాడు. అమ్మకి తెలుసేమో, అమ్మమ్మకైతే కచ్చితంగా తెలుసు అన్నాడు.

ఈ కథ విన్న ప్రతివాళ్ళూ ఇక్కడ కళ్ళు తుడుచుకుంటున్నారు. పిన్ని అంది, "చూశావా, అన్ని తరాలైనా పోలేదు. మీ పిల్లల గురించి నువ్వు ఊరికే బెంగపడతావు." అందరికీ ఊరట కలిగించిన ఆ కథ నా బెంగని ఇంకాస్త పెంచింది. పాట మిగిలింది, గొప్ప సంగతే, ఆ తల్లికి దణ్ణం పెట్టాలి. కానీ పాట దేవుడికి సరిపోతుంది, మా అమ్మకి సరిపోదు. మా అమ్మకి కావలసింది ఆదివారం ఫోన్లో పది నిమిషాలు. మాకు ఆమెకంటే మూడున్నర గంటలు వెనక, తను భోంచేసి కూర్చునేసరికి మా వాళ్ళు నిద్ర లేస్తారు. బాగున్నావా, తిన్నావా, స్కూలుందా, సరే బై. ఆ నాలుగు మాటలు దాటి వెళ్ళాలంటే తెలుగు కావాలి. మోకాలు ఏ పక్క పీకుతోందో, పక్కింటావిడతో మాటలెందుకు మానేసిందో అడగడానికి భజన చాలదు.

మేముండే దక్షిణాఫ్రికాలో డర్బన్ వైపు 'నాయుడూ'లు బోలెడుమంది. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడలో మొదలైన వలస అది. మా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, మంచివాడు, పెళ్ళిలో పాట పాడతాడు, తెలుగులో మంచినీళ్ళు అడగలేడు. అతన్ని తప్పుపట్టడం లేదు. ఆ తోటల్లో వాళ్ళకి విమానాలూ, వీడియో కాల్సూ లేవు. నాకున్నాయి. నాకు సాకు లేదు.

పైగా ఇంకో విషయం ఆ కార్లోనే నాకు తట్టింది. ఆరు గంటల్లో అతను తన దీవిలో ఏం చూపించాలో ముందే ఎంచుకున్నాడు. చెరువు, దిబ్బ, తాబేలు. నేనూ ఏటా విజయవాడలో అదే చేస్తున్నాను. దుర్గ గుడి, ఉండవల్లి గుహలు, బట్టలు, పూతరేకులు, మూడు వారాల్లో ముగించి ఎయిర్‌పోర్టు. పిల్లలకి బాగోనిది ఏదీ చూపించను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్‌లో మా మావయ్య ఇంట్లో నీళ్ళు నిలిచిన సంగతి కూడా వాళ్ళకి చెప్పలేదు.

మొన్న ఆదివారం నాన్న మమ్మల్ని భవానీ ద్వీపానికి తీసుకెళ్ళారు. ఇంటికి కూతవేటు దూరం, పున్నమి ఘాట్‌లో పడవెక్కితే చాలు. నాన్న లైఫ్ జాకెట్ల బకిల్సు ఒక్కొక్కరివీ లాగి చూశారు. 2017లో ఇబ్రహీంపట్నం ఫెర్రీ ఘాట్ దగ్గర పడవ బోల్తా పడ్డప్పటి నుంచీ ఆయనకది అలవాటు. నాన్న ఏదో చెప్పబోతుంటే చిన్నోడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఈ టూరుకి గైడు వాడేనట. పడవ చివర మాకెదురుగా నిలబడబోయి, పడవవాడు కసిరితే కూర్చున్నాడు.

"వెల్కమ్. ఇది భవానీ ఐలాండ్. చుట్టూ నీళ్ళు ఉంది."

"ఉన్నాయి" అన్నారు నాన్న.

"నీళ్ళు ఉన్నాయి. ఐలాండ్ కూడా ఉన్నాయి. నూట ముప్పై మూడు ఎకరాలు." ముందురోజు నాన్న దగ్గరే బట్టీపట్టాడు. "ఇప్పుడు అందరూ రైట్ సైడ్ చూడండి. కొండ. దుర్గమ్మ." కొండ ఎడమవైపుంది. ఎవరూ సరిచెయ్యలేదు.

ద్వీపంలో దిగాక వాడి టూరు ఊయల దగ్గర ఆగిపోయింది. గైడు ఊగుతున్నాడు. మేం చెట్టు కింద కూర్చున్నాం. అప్పుడు నాన్న వంతొచ్చింది. 1957లో కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ మీదుగా రాకపోకలు మొదలైనప్పుడు వాళ్ళ నాన్న భుజాల మీద ఎక్కించుకుని చూపించారట, ఆయనకి ఆరేళ్ళు. అంతకు ముందు అక్కడ పాత ఆనకట్ట ఉండేదట. అక్కడి నుంచి ఎలా వెళ్ళారో తెలీదు, 2024 వరదకి వెళ్ళిపోయారు. బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది, ఈ కూర్చున్న చోటు మునిగిపోయింది, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయి, మావయ్య ఫ్రిజ్ నీళ్ళలో తేలింది. నేను కళ్ళతో వద్దని సైగ చేస్తున్నాను. పెద్దది నా వైపు చూడనేలేదు. "ఫ్రిజ్ తేలుతుందా? మావయ్య ఎక్కడ పడుకున్నాడు? ఎన్ని రోజులు?" వరసగా అడుగుతూనే ఉంది, సగం తెలుగు, సగం ఇంగ్లీషు. గుహల దగ్గర ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

మధ్యలో ఫోన్ తీసింది. విసుగొచ్చి ఏదో చూసుకుంటోందనుకుని అరవబోయి వంగి చూశాను. తాతయ్య చెప్పింది రాసుకుంటోంది. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. ఆ డ్రైవరు వాళ్ళమ్మ 'ఓ యూ' పెట్టిన చోట ఇది రెండు 'ఓ'లు పెట్టింది, అంతే తేడా. తెలుగులో రాయొచ్చుగా అని నోటిదాకా వచ్చింది. నేర్పించనిది నేనే, అందుకని మింగేశాను.

కాసేపటికి అదే తలెత్తింది. "తాతయ్యా, 'నీళ్ళు' ఎలా రాయాలి? 'ఎల్' పెడితే 'నీలు' అవుతోంది."

నాన్న ఆలోచించారు. ఒక 'ఎల్' వద్దన్నారు, రెండు పెట్టి చూడమన్నారు, చదివించుకుని అదీ కాదన్నారు. అమ్మ కూడా ఒకసారి పైకి అని చూసుకుంది, "నీళ్ళు, నీల్లు" అని. చివరికి నాన్న జేబులోంచి పెన్ను తీసి, దాని అరచెయ్యి చాపమని, 'ళ' రాశారు. చక్కిలిగింతకి చెయ్యి లాక్కోబోయింది. గట్టిగా పట్టుకుని కింద వత్తు కూడా రాశారు.

అది అరచెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఏది పైవైపు, తాతయ్యా?"