జింబోచోలో ఒక సంగీత పోస్టరు కోసం

టోక్యోలోని యసుకుని వీధిలో నిలబడి చూస్తే, జింబోచో పాతపుస్తకాల దుకాణాలు ఎక్కువగా రోడ్డుకు దక్షిణం వైపునే వరుస తీరి ఉంటాయి. ఎదుటి వైపు అవి బాగా తక్కువ. దీనికి కారణం ఎండ. దక్షిణం వైపున కట్టిన దుకాణం ముఖం ఉత్తరానికి ఉంటుంది కాబట్టి వాకిట్లో పేర్చిన పుస్తకాల మీద నేరుగా ఎండ పడదు, అట్టలు వెలవవు, కాగితం పసుపెక్కదు. 1984 నాటి ఒక యానిమేషన్ చిత్రపు సంగీత రికార్డుకు ప్రచారంగా అచ్చువేసిన పోస్టరును చూడాలని, వీలైతే కొనుక్కోవాలని వెళ్లిన నాకు, ఆ ఎండ సంగతి ఎంత ముఖ్యమైనదో ఆ రోజే అర్థమైంది.

నేను దిగింది నిషి కసాయిలో, మా బావ ఇంట్లో. మన దేశం నుంచి వెళ్లిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చాలామంది కాపురముండే ప్రాంతం అది. అక్కడి నుంచి తోజాయి మార్గంలో కుదాన్‌షితా దాకా వచ్చి, రైలు మారితే తర్వాతి స్టేషనే జింబోచో. బావకు జపనీస్ బాగా వచ్చు. నాకు కతకానా అక్షరాలు కూడబలుక్కుని చదవడం వరకే వచ్చు. రికార్డు పోస్టర్ల మీద సంస్థల పేర్లు, విదేశీ మాటలు కతకానాలోనే ఉంటాయి కాబట్టి ఆ కొద్దిపాటి చదువు కూడా అక్కరకు వచ్చింది.

ఆ చిత్రం పేరు ‘కాజె నో తాని నో నౌషికా’, అంటే ‘గాలి లోయ నౌషికా’. హయావో మియాజాకి ‘అనిమేజ్’ పత్రికలో 1982 నుంచి గీస్తూ వచ్చిన బొమ్మల కథకు ఆయనే దర్శకత్వం వహించగా, అది 1984 మార్చి 11న విడుదలైంది. ఈనాడు అందరూ దాన్ని స్టూడియో జిబ్లీ చిత్రాల జాబితాలో కలిపి చెప్పుకుంటారు గాని, ఆ స్టూడియో మరుసటి ఏడాది, 1985లో ఏర్పడింది. నౌషికాను తయారుచేసింది టాప్‌క్రాఫ్ట్ అనే సంస్థ. పత్రికను నడిపే తొకుమా షోతెన్ పక్షానే తొకుమా జపాన్ అనే రికార్డుల సంస్థ కూడా ఉండేది. కథ అచ్చయ్యే చోటు, సంగీతం రికార్డయ్యే చోటు ఒకే ఇంటివి కావడం వల్ల ఈ చిత్రం సంగీతానికి ఒక విచిత్రమైన చరిత్ర ఏర్పడింది, నన్ను అంత దూరం నడిపించింది ఆ చరిత్రే.

చిత్రం విడుదలకు సుమారు నాలుగు నెలల ముందు, 1983 నవంబరులోనే, ‘తొరి నో హితో’ పేరుతో ఒక ఇమేజ్ ఆల్బమ్ వెలువడింది. కథను, దర్శకుడు అందించిన మాటలను మాత్రమే ఆధారం చేసుకుని, తెర మీద ఏమి కనబడబోతున్నదో ఊహించి కూర్చిన సంగీతం అది. కూర్చినవారు జో హిసాయిషి. కొద్దిపాటి స్వరాలనే పదేపదే తిప్పుతూ సాగే మినిమల్ సంగీతంలో కృషి చేస్తున్నవారే గాని, సామాన్య శ్రోతలకు అప్పటికి పెద్దగా తెలిసిన పేరు కాదు. చిత్ర సంగీతానికి మొదట అనుకున్నది హరువోమి హొసొనో వంటి ప్రసిద్ధ సంగీతకారుణ్ణి. అయితే ఆ ఆల్బమ్ విన్న మియాజాకికి, నిర్మాత ఇసావో తకహాతాకు తమ చిత్రానికి కావలసింది అదేనని అనిపించింది, చిత్రం హిసాయిషి చేతికి వచ్చింది. 1984 ఫిబ్రవరిలో అదే బాణీలకు వాద్యబృందపు సింఫనీ రూపం, మార్చిలో అసలు చిత్ర సంగీతపు రికార్డు వచ్చాయి. మన తెలుగు సినిమాలకు కూడా పాటలు ముందే విడుదలవుతాయి, క్యాసెట్ల రోజుల్లో సినిమా కన్నా ముందు పాటలే ఊరూరా తిరిగేవి. అయితే మన దగ్గర ముందుగా వచ్చేది సినిమాలో ఉండబోయే పాటే. అక్కడ ముందుగా వచ్చింది ఇంకా గీయని దృశ్యానికి కట్టిన బాణీ. ఆ బాణీల బలం మీదనే ఒక సంగీత దర్శకుడి ఎంపిక జరగడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఒళ్లు పులకరించే సంగతి.

జింబోచోలో సినిమా కాగితాలు అమ్మే ఒక చిన్న దుకాణం రెండో అంతస్తులో, వెడల్పాటి లోతులేని సొరుగుల్లో పోస్టర్లను పరచి ఉంచారు. బావ విషయం చెప్పగానే దుకాణదారు, అరవై దాటిన పెద్దమనిషి, మూడు సొరుగులు వెతికి ఒక పలచని ప్లాస్టిక్ తొడుగును తెచ్చి బల్ల మీద పెట్టారు. చేతులు తుడుచుకుని, పోస్టరు నాలుగు మూలలనూ సమానంగా పట్టుకుని బయటికి తీశారు. జపానులో ప్రచార పోస్టర్లకు మామూలుగా వాడే బీ2 కొలత, అంటే 515 మిల్లీమీటర్ల వెడల్పు, 728 మిల్లీమీటర్ల ఎత్తు. నీలి దుస్తుల్లో కథానాయిక నౌషికా, చిత్రం పేరు, దాని కింద రికార్డు పేరు, క్యాసెట్ కూడా దొరుకుతుందన్న మాట, అడుగున ఒక మూల అమ్మకానికి కాదని తెలిపే చిన్న అక్షరాలు.

ఆయన ఇచ్చిన భూతద్దంతో ఆ అమ్మాయి ముఖాన్ని చూశాను. దూరం నుంచి ఒకే మెత్తని ఛాయగా కనిపించిన చెంప, దగ్గరికి వెళ్లేసరికి మెజెంటా, పసుపు చుక్కల వరుసలుగా విడిపోయింది. జుట్టు అంచున సయాన్ చుక్కలు కొద్దిగా పక్కకు జరిగి సన్నని నీలి గీత కట్టాయి. నాలుగు రంగుల ఆఫ్‌సెట్ ముద్రణలో ఒక పలక వెంట్రుకవాసి కదిలినా ఇలా అవుతుంది. ఇదే పోస్టరుకు ఈమధ్య తీసిన నకళ్లను భూతద్దంలో చూస్తే ఇంత శుభ్రమైన చుక్కలు కనిపించవని, చుక్కల మీద చుక్కలు పడి అలుక్కుపోయినట్టు ఉంటాయని ఆయన చెప్పారు. పాతదాన్ని స్కాన్ చేసి మళ్లీ అచ్చువేస్తే అలాగే అవుతుంది మరి.

తర్వాత ఆయన రెండో ప్రతిని తీసి మొదటిదాని పక్కన పరిచారు. అదే పోస్టరు, కానీ ముఖం పాలిపోయి నీలంగా ఉంది. ఎరుపు కలిసిన జుట్టు బూడిద రంగుకు తిరిగింది. రికార్డుల దుకాణం కిటికీకి తగిలించిన ప్రతి అట. ఎండకు ముందుగా పసుపు, మెజెంటా సిరాలు వెలిసిపోతాయి, సయాన్, నలుపు నిలబడతాయి. అందువల్ల ఎండలో ఉన్న పోస్టర్లన్నీ చివరికి నీలంలోకే చేరతాయి. ఆ రెండింటినీ పక్కపక్కన చూసినప్పుడు, వీధి దక్షిణం వైపునే దుకాణాలు కట్టుకున్నవారి తెలివి నాకు కళ్లకు కట్టింది.

ఇవి ఎలా మిగిలాయని బావ చేత అడిగించాను. ప్రచారం కొద్ది వారాలే కాబట్టి దుకాణంవారు తర్వాత వీటిని తీసిపారేయవలసిందే. కానీ ముందుగానే పేరు చెప్పి ఉంచిన పిల్లలకు ఇచ్చేవారట, పనిచేసే కుర్రవాళ్లు కూడా ఇంటికి పట్టుకెళ్లేవారట. గోడకు పిన్నులతో గుచ్చిన కాగితం కనుక దించడం తేలిక. మన ఊళ్లలో సినిమా పోస్టరు మైదా జిగురుతో గోడకు అంటుకుపోయేది, దాన్ని తీయడమంటే చింపడమే, దాని మీదే మరుసటి వారం ఇంకొకటి పడేది. మన సినిమా చరిత్రకు అందవలసిన కాగితం ఎంత ఆ జిగురులో పోయిందో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఇంకొక మాట కూడా ఆయన అన్నారు: అప్పట్లో సినిమాను ఇంటికి తెచ్చుకునే దారి చాలామందికి రికార్డే. వీడియో యంత్రాలు ఇంకా ఇంటింటికీ చేరని కాలం అది. అందుకే సంగీతంతో ఆగకుండా, సంభాషణలు, శబ్దాలు సహా కథను వినిపించే డ్రామా రికార్డులు కూడా ఈ చిత్రానికి వచ్చాయి. హాల్లో ఒకసారి చూసి వచ్చిన పిల్లలు కళ్లు మూసుకుని ఆ రికార్డు వింటూ చిత్రాన్ని మళ్లీ చూసుకునేవారు. చిత్రంలో పసిగొంతుతో వినిపించే ఆ చిన్న కూనిరాగం హిసాయిషి నాలుగేళ్ల కుమార్తె పాడినది. ఒకసారి విన్నవారికి ఆ గొంతు మళ్లీ వినాలని ఎందుకు అనిపించిందో వేరే చెప్పనక్కరలేదు. హొసొనో బాణీకి నరుమి యసుదా పాడిన పాట మాత్రం ప్రచారానికి వాడినదే, చిత్రంలో రాదు. సినిమా కన్నా పెద్దదైన ఒక సంగీత ప్రపంచం రికార్డుల దుకాణాల్లో ఉండేదనడానికి ఈ పోస్టరు సాక్ష్యం, అందువల్లనే సినిమా పోస్టరు కన్నా దీని మీద నాకు మక్కువ ఎక్కువ.

మరునాడు తోజాయి మార్గంలోనే చివరి స్టేషన్ నకానోకు వెళ్లాము. పైకప్పు వేసిన బజారు వీధి గుండా నడిస్తే చివర 1966లో కట్టిన నకానో బ్రాడ్‌వే వస్తుంది. పాత బొమ్మల కథలు, బొమ్మలు, యానిమేషన్ కోసం పారదర్శక పలకల మీద వేసిన సెల్ చిత్రాలు అమ్మే దుకాణాలు అంతస్తులంతటా ఉన్నాయి. అక్కడ అదే పోస్టరు, గోడ ఎక్కకుండా చుట్టి దాచిన ప్రతి, అద్దాల బీరువాలో ఉంది. ఒక్క మచ్చ లేదు, ఒక్క రంధ్రం లేదు, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంది. రికార్డుతోపాటు కొన్నవారికి కానుకగా ఇచ్చిన చిన్న పోస్టర్లు కూడా అక్కడ చూశాను. తొడుగులో పట్టేలా మడిచినవి కాబట్టి వాటికి అడ్డంగా, నిలువుగా మడత గీతలు ఉంటాయి, దుకాణాలకు పంపినవాటితో వాటిని పొరబడకుండా ఆ గీతలే కాపాడతాయి.

క్యోబాషిలోని జాతీయ చలనచిత్ర ఆర్కైవ్‌కు కూడా వెళ్లాను. ఏడో అంతస్తు ప్రదర్శనశాలలో జపాన్ సినిమా తొలినాళ్ల నుంచి కెమెరాలు, స్క్రిప్టులు, పోస్టర్లు చక్కగా అమర్చారు. అక్కడ నాకు కనబడినవన్నీ చిత్రాల పోస్టర్లే, రికార్డులవి కనబడలేదు. సంగీత ప్రచారపు కాగితాన్ని ఇప్పటికీ ఎక్కువగా కాపాడుతున్నది వ్యక్తులూ, పాత సరుకుల దుకాణాలూనేమో అనిపించింది.

తిరిగి జింబోచోకు వెళ్లి మొదటి ప్రతినే కొన్నాను. దాని నాలుగు మూలలా పిన్ను రంధ్రాలున్నాయి, పై అంచున టేపు మరక ఉంది. “బావా, నకానోలోది అంత శుభ్రంగా ఉంటే దీన్ని తీసుకుంటావేమిటి?” అని బావ అడిగాడు. ఏదో ఒక దుకాణంలో రికార్డు కొనడానికి వచ్చిన పిల్లవాడు తలెత్తి చూసిన కాగితం కావాలని నాకు ఉండేది, రంధ్రాలు లేని ప్రతిని ఎవరూ అలా చూసి ఉండరు. ఎండ తగలని లోపలి గోడకు ఉన్నది కావడంతో రంగులు నిలిచాయి. ధర నేను అనుకున్నదానికి సగంలోపే.

దుకాణదారు దాని మీద పలచని తెల్ల కాగితం పరచి, వదులుగా చుట్టి, లావుపాటి అట్ట గొట్టంలో పెట్టి ఇచ్చారు. సన్నని గొట్టంలో బిగించి చుడితే పాత ఆర్ట్ పేపరు మీద సిరా చిట్లుతుందన్నారు. ఇంటికి వచ్చాక దాన్ని అట్టకు అంటించకుండా, ముఖానికి అద్దం తగలకుండా అంచు పెట్టి, అతినీలలోహిత కిరణాలను ఆపే ఆక్రిలిక్‌తో ఫ్రేము కట్టించాను. 1983 నవంబరు నాటి ఇమేజ్ ఆల్బమ్‌కు వేసిన పోస్టరు మాత్రం టోక్యోలో ఎక్కడా కంటబడలేదు. ఒసాకాలో నిప్పొంబాషి దుకాణాలు చూడమని ఆయన సలహా ఇచ్చారు. వచ్చే ప్రయాణం అటువైపే.