మూడున్నర స్క్రూకి రెండున్నర డ్రిల్
విరిగిన ముంజేతి ఎముకకి లోహపు ప్లేటు వేయడంలో అసలు పనంతా డ్రిల్ దగ్గరే ఉంది. 3.5 మి.మీ. కార్టికల్ స్క్రూకి (ఎముక గట్టి గోడలో పట్టే స్క్రూ) 2.5 మి.మీ. డ్రిల్ వాడాలి. విరిగిన చోటికి అటు మూడు, ఇటు మూడు స్క్రూలు మామూలు లెక్క. లాగ్ స్క్రూతో, అంటే అవతలి ముక్కని ఇవతలికి లాగే స్క్రూతో, ముక్కల్ని దగ్గరికి నొక్కాలంటే మాత్రం ఎముక ఇవతలి గోడకి 3.5 డ్రిల్, అవతలి గోడకి 2.5. రెండు గోడల్లోనూ స్క్రూ మరలు పట్టాయంటే ఎంత తిప్పినా సందు మూసుకోదు.

మొద్దుబారిన డ్రిల్‌తో అదిమితే వేడికి చుట్టూ ఎముక చచ్చిపోయి, తర్వాత స్క్రూ వదులవుతుంది. సెలైన్ పోస్తూ ఉండాలి, డ్రిల్ గాడిలో ఇరుక్కున్న పొడి తుడుస్తూ ఉండాలి. అరిగిన డ్రిల్ పారేయడానికి పిసినారితనం ఎందుకో!

చివరి బిగింపుకి వేళ్ల బలం చాలు. పిడికిలి బిగించి తిప్పారా, ఎముకలో మరలు చితికిపోతాయి. అప్పుడు అదే రంధ్రంలో 4.0 మి.మీ. క్యాన్సెలస్ స్క్రూ (మెత్తటి ఎముకకి వాడే, వెడల్పు మరల స్క్రూ) వేసి చూడటమే.