దెబ్బ ముందు, పగులు వెనక

మస్కట్ దగ్గర సముద్రం మన బారువ, కళింగపట్నం సముద్రం లాంటిది కాదు. మనకి ఒడ్డంతా ఇసుక. అక్కడ కొండలు తిన్నగా నీళ్లలోకి దిగిపోతాయి. బందర్ ఖైరాన్ వైపు, దైమానియత్ దీవుల చుట్టూ నీటి కింద రాళ్లూ పగడపు దిబ్బలూ ఉంటాయి. తెరచాప ఎత్తి షికారు వెళ్లే సెయిల్ బోట్లు అప్పుడప్పుడు వాటికి తగులుతుంటాయి. అలా తగిలిన బోట్లు మా యార్డుకి వస్తాయి. నేనక్కడ ఫైబర్ పని చేస్తాను, అంటే గాజు పీచు గుడ్డని రెసిన్ అనే జిగురుతో పొరలుగా అతికే పని.

సెలవుకి ఊరొచ్చినప్పుడల్లా మా మేనల్లుడు ఆ పని గురించే అడుగుతాడు. వాడూ ఇక్కడ చేపల బోట్లకి ఫైబర్ వేస్తాడు, ఈమధ్యే పాస్‌పోర్టు తీసుకున్నాడు. మన బోట్లని అలల మీంచి ఇసుక మీదకి లాక్కురావాలి కాబట్టి వాటి అడుగున లోతైన కీల్ ఉండదు. సెయిల్ బోటుకి అది లేకపోతే కుదరదు. గాలి పక్కకి తోసినా జారిపోకుండా, ఒరిగినా మళ్లీ నిలబడేలా అడుగున నిలువుగా ఒక రెక్క ఉంటుంది. దాన్ని సీసంతోనో పోత ఇనుముతోనో పోస్తారు. చాలా బోట్లలో మొత్తం బరువులో మూడో వంతు ఆ రెక్కలోనే ఉంటుంది. అంత బరువునీ పట్టి ఉంచేవి కొన్ని స్టీలు బోల్టులు, బోటు లోపల అడుక్కి అతికించిన ఫైబర్ గ్రిడ్, అంటే అడ్డంగా నిలువుగా వేసిన దూలాల చట్రం. అంతే.

పారతో తవ్వేటప్పుడు రాయి తగిలితే, దెబ్బ పార కొసకే తగిలినా చెయ్యి జిల్లుమనేది పిడి దగ్గర. కీల్ కూడా అంతే. కింది కొస రాయికి తగిలి ఆగిపోతుంది, పైన బోటు ముందుకి పోతుంది. అప్పుడు కీల్ ముందు అంచు బోటు నుంచి ఊడొచ్చేలా కిందకి లాగుతుంది, వెనక అంచు బోటు అడుగుని పైకి పొడుస్తుంది. బయట చూస్తే సీసం మీద ఒక సొట్ట, కాస్త పెయింటు పోయి ఉంటుంది. అసలు నష్టం లోపల, కీల్ వెనక కొస పైన ఉన్న గ్రిడ్‌లో ఉంటుంది.

పోయిన ఎండాకాలం మొదట్లో ఒక బోటు అలాగే వచ్చింది. ఓనరుకి తొందర. సొట్ట నింపి రంగు వేసి దింపేయమన్నాడు, సూపర్‌వైజరు సరేనన్నాడు. మా జట్టులో అందరం సోంపేట అన్న అని పిలిచే ఒకాయన ఉన్నాడు, అందరికంటే పాత చెయ్యి. ఆయన లోపల చెక్కలు ఎత్తి, చిన్న ప్లాస్టిక్ సుత్తితో అడుగంతా కొట్టుకుంటూ పోయాడు. వెనక బోల్టుల దగ్గరికి రాగానే నన్ను పిలిచాడు. "ఒరే తమ్ముడూ, ఇక్కడ డొల్లగా పలకతంది, ఇను." నేనూ విన్నాను. గట్టిగా ఉన్నచోట మోత టక్‌మని వస్తుంది, అక్కడ మాత్రం మొద్దుగా వచ్చింది. టార్చి పక్కవాటంగా వేస్తే, గ్రిడ్ మూలలో వెంట్రుకంత సన్నటి పగులు కనిపించింది. గ్రిడ్ అడుగుని వదిలేసింది.

వీసా ఎవరి చేతిలో ఉందో వాళ్లకి ఎదురు చెప్పడం చిన్న విషయం కాదు. ఇంటి దగ్గర అప్పు ఉన్నవాడికి మరీ కష్టం. అన్న గొడవ పడలేదు. పగులు పొడవునా మార్కర్‌తో గీత గీసి, ఫొటోలు తీసి, సూపర్‌వైజరునీ ఓనరునీ కిందకి దింపి, సుత్తి వాళ్ల చేతికే ఇచ్చాడు. ఓనరుకి అప్పుడు చీకీ రఫీకీ గుర్తొచ్చింది. 2014 మే నెలలో అంటీగ్వా నుంచి ఇంగ్లండ్ తిరిగి వెళ్తూ, అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడిపోయి తలకిందులైన బోటు అది. అందులో ఉన్న నలుగురూ పోయారు. అంతకుముందు అది నేలకి తగలడం వల్లా, ఆ తర్వాతి రిపేర్ల వల్లా కీల్ పట్టు బలహీనపడి ఉండొచ్చని బ్రిటన్ దర్యాప్తు నివేదిక చెప్పింది. ఓనరు ఇంక తొందర మాట ఎత్తలేదు.

"పగులు మీద మ్యాట్ గుడ్డ వేసి రెసిన్ పూసేస్తే సరిపోదా మావా?" అని మేనల్లుడు అడిగాడు. సరిపోదు. ముందు నట్లు విప్పి, కీల్‌ని స్టాండు మీద నిలబెట్టి, క్రేన్‌తో బోటుని పైకి లేపుతాం. బోల్టులు అప్పుడు గానీ పూర్తిగా కనపడవు. స్టెయిన్‌లెస్ స్టీలు కదా అని నమ్మకూడదు. గాలి తగలని ఇరుకులో ఉప్పునీళ్లు నిలిచిపోతే దాన్నీ తినేస్తాయి. డొల్లగా ఉన్న ఫైబరంతా గ్రైండ్ చేసి తీసేస్తాం. అంచులు ఏటవాలుగా చెక్కాలి, మందానికి పన్నెండింతలు. పది మిల్లీమీటర్ల మందం ఉంటే పన్నెండు సెంటీమీటర్ల వాలు అన్నమాట. పూర్తిగా ఆరాక ఎపాక్సీ అనే గట్టి రెసిన్‌తో పొర మీద పొర గుడ్డ వేస్తాం. కొత్త ఫైబర్ పాతదాన్ని పట్టుకునేది ఆ వాలు మీదే. వాలు తగ్గిస్తే పని తొందరగా అవుతుంది, పైకి చూడ్డానికి తేడా తెలీదు. అందుకే అక్కడ ఎవడూ చూడకపోయినా కొలిచి చెక్కాలి.

ఒమన్‌లో జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 వరకు ఎండలో పని ఆపాలి. అయినా ఆ వేడికి కలిపిన ఎపాక్సీ డబ్బాలోనే గట్టిపడిపోతుంది. మేము తెల్లారకముందే లేచి కొంచెం కొంచెంగా కలుపుకునేవాళ్లం.

చివరికి నీళ్లు దూరకుండా సీలెంట్ పెట్టి కీల్ మళ్లీ కూర్చోబెట్టి, బోటు కంపెనీ చెప్పిన లెక్క ప్రకారం ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచ్‌తో నట్లు బిగించాం. నీళ్లలోకి దింపాక లోపల తడి ఉందేమోనని అన్న చేత్తో తడిమి చూశాడు. తడి లేదు. కొన్నాళ్లు తిరిగాక నట్లు మళ్లీ చూపించుకోమని ఓనరుకి చెప్పాం.

ఇదంతా విని మేనల్లుడు వెంటనే ఒడ్డున రిపేరుకున్న బోటు దగ్గరికి తీసుకెళ్లాడు. గ్రైండర్ తియ్యబోతుంటే ఆపి, ముందు సుత్తి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొస దాకా కొట్టి వినమన్నాను. డొల్లగా పలికినచోటల్లా సుద్దతో గీత గీశాడు. వాడు అనుకున్న దానికంటే ఆ గీత చాలా దూరం పోయింది.